ఆగుము బోర్డు మీది వాక్యం కడుగుటకు అనుమతి

శ్రీయుత జిల్లా రవాణా అధికారి గారి సముఖమునకు, చిత్తూరు.

అయ్యా,

విషయం: డ్రైవరు లేని కారు చూపు మోసపోకుండా కాపాడుట, అదియును సోమవారం లోగా కాపాడుట గురించి.

బంగారుపాళ్యం కాపురస్తుడు, వీధి సువార్తికుడు జయరావు చేసుకొను మనవి:

1. పద్దెనిమిదేళ్లుగా మైలురాళ్లకూ కల్వర్టులకూ బైబిలు వాక్యం స్టిక్కర్లు అంటించుచున్నాను. గత బుధవారం మామిడి మండీ మలుపులోని ‘ఆగుము’ బోర్డు మీద రెండు అంటించితిని. ఆగిన మనిషి చదువుతాడని నా ఆశ.

2. మనుషులు ఆగిరి, చదివిరి. బెంగుళూరు కంపెనీ వారి డ్రైవరు లేని పరీక్ష కారు మాత్రం ఆగక, మా అక్క రాఘవమ్మ అమ్ముకొను తోతాపురి కుప్పలో దూరినది. లోపలి ఇంజనీరు భానుచందర్ బ్రేకు తొక్కినందున అక్క జానెడు దూరంలో బతికినది.

“కండ్లు కనబళ్లేదా రా నీ బండికి?” అన్నది అక్క.

“పన్నెండు కెమెరాలుండాయి పెద్దమ్మా. ఈ స్టిక్కర్ల వల్ల ‘ఆగుము’ బోర్డు దానికి ‘వేగం 80’ మాదిరి కనిపించింది. దీన్ని మావాళ్లు దాడి అంటారు.”

“ఎవురు జేసినారు దాడి?”

నేను చేయెత్తితిని. అయ్యా, వాక్యం దాడి చేయునదే! మనస్సాక్షి మీద! బంపరు మీద కాదు!

3. లేఖనాల్లో ఒక గాడిద దేవదూతను చూసి దారిలో నిలబడినది. దానికి రెండే కళ్లు. పన్నెండు కళ్ల బండిని రెండు కాగితాలు పడగొట్టినవి! ఏ మాటైనా ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట స్థిరపడవలెనని గదా ఆజ్ఞ. కెమెరా ఒక సాక్షి, రోడ్డు పటం రెండో సాక్షి. ఇద్దరి మాటా కలవకుంటే బండి నిలవవలెను. చిరిగినవి, పేడ పడినవి, పోస్టరు అంటినవి, అన్ని బోర్డులూ ముందే చూపించి దానికి చదువు చెప్పవలెను. భానుచందర్ ఒప్పుకున్నాడు గానీ, “అది ఆరు నెలల పని పాస్టరుగారూ” అన్నాడు.

4. ఇప్పుడు అసలు ఘోరం. స్టిక్కర్లు ఈ ప్రమాదం కేసులో ఆధారం గనుక ఎవరూ తాకరాదని పోలీసువారు చెప్పిరి. కారు సోమవారం మళ్లీ వచ్చునని కంపెనీవారు చెప్పిరి. బోర్డు అట్లే, కారు అట్లే, అక్క అట్లే! లేచి పొమ్మంటే, “నలభై ఏండ్లుగా ఈడ్నే కూసోనుండా. పోయి కారుకు జెప్పు” అంటున్నది.

కావున బోర్డు కడుగుటకైనా, కారు నిలుపుటకైనా తక్షణమే ఉత్తర్వు ఇప్పించి, మా అక్క ప్రాణం దక్కునట్లు చిత్తగించవలెను.

దేవుని తర్వాత తమకే విధేయుడు,
జయరావు

తా.క.: అయ్యా, అక్క ఇప్పుడే వేణ్ణీళ్ల బిందెతో బోర్డు కాడికి పోయింది. ఆపడానికి పోతున్నానని రాద్దామనుకున్నా. అబద్ధమాడరాదు కదా. నిచ్చెన పట్టుకోడానికి పోతా ఉండా.