బొట్టు పెట్టిన డిస్క్

అక్టోబర్ 10, 2024
ఆదిలాబాద్‌లో మా డయాలిసిస్ ఆస్పత్రి కంప్యూటర్లన్నీ నా పూచీ. సాయంత్రం రికార్డులన్నీ బ్యాకప్ డిస్క్‌లోకి కాపీ చేయాలి, వైరు పీకాలి, బీరువాలో పెట్టాలి. పీకడమే అసలు పని. ర్యాన్సమ్‌వేర్ దొంగ సర్వర్‌లో దూరితే, దానికి తగిలించి ఉన్న వాటన్నిటికీ తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడుగుతాడు. విడిగా ఉన్నదాని జోలికి రాలేడు. రిసెప్షన్‌లో ఉండే శ్రేయకు ఇది చెప్తే నవ్వింది. "ఫిర్దోస్, నీకు బీరువా మీదున్న ఫికర్ పెండ్లి మీద లేదు" అంది.

అక్టోబర్ 11, సాయంత్రం
ఆయుధ పూజ. డాక్టర్ కరుణాకర్‌రావు గారి భార్య నిర్మలమ్మ గారే ఆస్పత్రి నడిపేది. మిషన్లకు, అంబులెన్స్‌కు, ఆఖరికి స్టెతస్కోపుకు కూడా బొట్లు పెట్టారు. నన్ను బీరువా తీయమన్నారు. "గా డిస్కు గూడ పనిముట్టే గదా బిడ్డా, గదొక్కదాన్నే ఇడ్సిపెడ్తమా?" అని డిస్క్ తీసి తానే సర్వర్‌కు తగిలించారు. లైటు వెలుగుతుంటేనే పూజ అందుతుందట. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. రేపు ఉద్వాసన చెప్పేదాకా ఏదీ కదపొద్దన్నారు.

నా చేయి వైరు దాకా వెళ్లి ఆగింది. పూజలో పెట్టినదాన్ని లాగేస్తే ఏమనుకుంటారు? ఫిర్దోస్ కదా, అందుకే లాగింది అనుకుంటే? ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అని పులిహోర తిని ఇంటికొచ్చాను. పులిహోర బాగుంది.

అక్టోబర్ 12
అయింది.

అక్టోబర్ 12, మధ్యాహ్నం
నిన్న పూజ హడావుడిలో శ్రేయ ఒక మెయిల్ తెరిచింది. ఇన్సూరెన్స్ క్లెయిమ్ రిజెక్ట్ అయిందని ఉంటే జడుసుకుని అటాచ్‌మెంట్ నొక్కింది. పొద్దున ఏ స్క్రీన్ చూసినా ఒకటే బెదిరింపు. సర్వర్ పోయింది. దండ వేసుకుని డిస్క్ కూడా పోయింది. నెట్‌వర్క్ వైర్లన్నీ పీకేసి సైబర్ పోలీసులకు ఫోన్ చేశాను.

డబ్బిచ్చినా దొంగలు తెరుస్తారన్న నమ్మకం లేదన్నారు పోలీసులు. డాక్టర్ సార్ కూడా ఇవ్వనన్నారు. డయాలిసిస్ మిషన్లు నడుస్తాయి, సరే. కానీ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎవరికి ఎంత, ఎవరికి ఏ మందు పడదు, అదంతా ఆ తాళం వెనకే ఉంది. దసరా సెలవు అయ్యాక సోమవారం పేషెంట్లు వస్తారు. పడని మందు ఎవరికైనా ఎక్కితే? నాకు భయంగా ఉంది.

అక్టోబర్ 13
అందరికీ ఫోన్లు చేశాం. ఇంట్లో ఉన్న ఆస్పత్రి కాగితాలన్నీ తెమ్మన్నాం.

అక్టోబర్ 14
ఇచ్చోడ నుంచి మా పేషెంట్ కైలాసం మామ అందరికంటే ముందొచ్చాడు, చంకలో బట్టల దుకాణం సంచితో. మేమిచ్చిన ప్రతి చీటీ అందులో ఉంది, మిరపకాయల వాసనతో. "కాయిదం పారేస్తే రోగం మళ్లొస్తదని మా ఇంటామె పారెయ్యనియ్యలే" అన్నాడు. ఆయనకు హెపారిన్ పడదు. అదీ అందులోనే ఉంది.

ఒక్కరూ ఉత్త చేతులతో రాలేదు. సంచులు, కవర్లు, ఒక టిఫిన్ డబ్బా. సార్ ఒక్కో చీటీ చూసి చెప్తుంటే నేనూ శ్రేయా కొత్త ల్యాప్‌టాప్‌లో ఎక్కించాం. ఎవరికీ ఊహించి మందు ఇవ్వలేదు. నేను బీరువాకు తాళం వేసి మురిసిపోతుంటే, జిల్లా అంతా ఇంటింటికీ బ్యాకప్ పెట్టుకుని కూర్చుంది!

సాయంత్రం నిర్మలమ్మ గారితో చెప్పేశాను. వైరు పీకాల్సి ఉండె, మీరేమనుకుంటరో అని ఊకున్న మేడమ్ అన్నాను. ఆమె కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నారు. తర్వాత, "తగిలించింది నేను. నాకు తెల్వకపాయె. నీకెరుకే గదా బిడ్డా, గుంజెయ్యకపోయినవ్? తిడ్తే తిడ్తుంటి, గంతే గదా" అన్నారు. ఏడుపొచ్చింది. చాయ్ తెప్పించారు.

నవంబర్ 6
కొత్త డిస్కులు రెండు. ఒకటి బీరువాకు, ఒకటి మా ఇంటికి. పాస్‌వర్డ్ పెట్టాను. ఈసారి తాళం మాది.

అక్టోబర్ 1, 2025
పూజ. నిర్మలమ్మ గారు డిస్క్‌కు బొట్టు పెట్టి, దేనికీ తగిలించకుండా నా చేతిలో పెట్టారు. "దీని పూజ అయింది, ఇంటికి తీస్కపో" అన్నారు.

ఇంట్లో మా అమ్మీ దాన్ని అల్మారాలో తన నమాజు చాప పక్కన పెట్టింది. కుంకుమ తుడవలేదు.