కనబడని ఫైల్

మార్చి 3

ఈ నెలే నాకు అప్పగించిన తూర్పు ట్యాంకు నీళ్ళలో క్లోరిన్ 0.05. పరీక్ష చేసింది నేను, టైప్ చేసింది నేను. ప్రింటు తీస్తే 0.2 అని ఉంది. సరిదిద్ది మళ్ళీ తీశాను. మళ్ళీ 0.2. ఆ అంకె ఉంటే తాగొచ్చు, తగ్గితే ట్యాంకు ఆపాలి. నా కళ్ళద్దాలు మార్చాలేమో. రిపోర్టు కింద సంతకం నాదే.

మార్చి 5

కళ్ళద్దాల తప్పు కాదు. నా అనుమానం పక్క టేబుల్ గళ్ళచొక్కా మీద. నేను టీకి లేచినప్పుడల్లా నా సిస్టమ్ వైపు చూస్తాడు. ఈ రోజు అడిగేశాను. నీ కంప్యూటర్ ముట్టుకుంటే నాకేమొస్తుందమ్మా, నా గోల నాకే ఉంది అన్నాడు. అంటూనే మొహం తిప్పుకున్నాడు. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాడనిపించింది. పాస్‌వర్డ్ మార్చాను.

మార్చి 6

పాస్‌వర్డ్ మారినా అంకె మారింది.

మార్చి 10, ఉదయం 11

కుర్చీలోంచి కదల్లేదు. 0.05 కొట్టి ఎంటర్ నొక్కాను. నా కళ్ళముందే 0.2 అయింది. 0.4 కొడితే అలాగే ఉంది. 0.1 కొడితే 0.2. తక్కువైతేనే మారుస్తోంది. తెరిచి ఉన్నది మాత్రం ఒక్క ఫైలే.

మధ్యాహ్నం 3

కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేశాను. ప్లగిన్‌గా, అంటే తెర వెనక తనంతట తానే నడిచే ఫైల్‌కి విండో ఉండదు మేడమ్, తెరిచిన ఫైళ్ళ లెక్కలోనూ రాదు అన్నాడు. అలాంటివి కూడా కనబడే కోడ్ ఎడిటర్ తెరవమన్నాడు. అక్కడ రెండు పేర్లున్నాయి. ఒకటి నా రిపోర్టు. రెండోది ప్లగిన్ అవునో కాదో అడిగే లైను ఒకటి చెప్పాడు. అక్షరం అక్షరం చూసుకుంటూ కొట్టాను.

ట్రూ. అవునంటోంది.

తయారుచేసింది ఎవరో కూడా చూడొచ్చన్నాడు. చూశాను. బావ పేరు. అక్క మొగుడు, మా ల్యాబ్ హెడ్, నాకీ ఉద్యోగం వేయించిన మనిషి.

మార్చి 11

బావ తలుపు వేయమన్నాడు. క్లోరిన్ పంపు పాడైందట. అది బాగయ్యేదాకా సర్దుదామనుకున్నాడట. ట్యాంకు ఆపితే ఊరంతా మన మీద పడుతుంది, నీ మంచికే నీకు చెప్పలేదు అన్నాడు. నా మంచికైతే నా సంతకం ఎందుకు బావా అన్నాను. పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. అక్క మొహం చూసైనా ఊరుకోమన్నాడు.

మార్చి 12

ఆ ఫైల్ కాపీ ఒకటి దాచి, ప్లగిన్ తీసేశాను. నోట్‌బుక్‌లో చేత్తో రాసుకున్న అసలు రీడింగులన్నీ నీళ్ళ బోర్డుకు పంపాను. గళ్ళచొక్కాకి సారీ చెప్పాను. నన్ను అనుమానించావని కాదమ్మా నా బాధ, మా పిల్లలకి ఇన్నాళ్ళూ ఆ ట్యాంకు నీళ్ళే పట్టించాను అన్నాడు.

మార్చి 14

ట్యాంకు ఆపేశారు. బావని ఇంటికి పంపేశారు.

అక్క ఫోన్ చేసింది. తిట్టలేదు. ఆ ఫైల్ ఎప్పటిదని అడిగింది. సెప్టెంబరుదన్నాను. మా ఇంట్లో తాగడానికి నీళ్ళ క్యాన్లు కొనడం మీ బావ సెప్టెంబరులోనే మొదలుపెట్టాడే అంది.

ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు.