పదిహేను రోజుల మంచం

పై అంతస్తు, పన్నెండో గది
గురువారం

ప్రియమైన సురేందర్ గారికి,

'ప్రియమైన' అని రాసి కొట్టేశాను, మళ్లీ రాశాను. నలభై నాలుగేళ్ల అలవాటు ఒక్క పూటలో పోదు కదా. ఒళ్లు మండిపోతూ రాస్తున్నానని మాత్రం తెలుసుకోండి.

నిన్న బుధవారం ప్రార్థనలో వార్డెన్ అభిలాష్ గారు ఎప్పటిలాగే మనవుల చీటీ చదివారు. మోకాలి ఆపరేషన్ అయిన వనితమ్మ కోసం, మన హోమ్‌కి బియ్యం పంపే సంఘాల కోసం, వానల కోసం. ఒక్కోదానికీ కళ్లు మూసుకుని ఆమెన్ అంటున్నాను. "రేపటి నుంచి కింద నర్సింగ్ వార్డుకు మారుతున్న మన సోదరుడు సురేందర్ గారి కోసం" అన్నారు. దానికీ ఆమెన్ అన్నాను. అన్న తర్వాత గానీ ఆ పేరు నా చెవికెక్కలేదు. కళ్లు తెరిస్తే నలభై మంది ముసలివాళ్లు నన్నే చూస్తున్నారు. మీరు నా పక్కనే చక్రాల కుర్చీలో తల వంచుకుని కూర్చున్నారు.

నా మొగుడు నన్ను వదిలి వెళ్తున్నాడని అందరితో పాటు నేనూ విని, దేవుడి ముందు ఒప్పేసుకున్నాను. ఇంతకంటే అవమానం ఏముంటుంది?

కిందికి మార్చమనే కాగితం మీద వణికే చేత్తో మీ సంతకం పడాలంటే ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. అంతసేపట్లో ఒక్కసారైనా నన్ను అడగాలనిపించలేదా? మీకీ వణుకుడు జబ్బు ముదిరిన రెండేళ్లుగా అన్నం కలిపి తినిపించింది నేను. గడ్డం గీసింది నేను. బాత్రూంలో మీరు జారితే మీ కింద పడి నడుం పట్టేయించుకుంది నేను. అప్పుడెప్పుడో అమీర్‌పేటలో మీ టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వస్తే, మీటలు కనపడకుండా చేతుల మీద గుడ్డ కప్పి నేర్పారు. ఆ చలవ వల్లే ఎర్రమంజిల్‌లో ఉద్యోగం వచ్చింది. గురువుగారికి సేవ చేస్తున్నానని అనుకున్నారా ఏమిటి? ప్రేమ ఉండి చేశాను. పిల్లలు లేరు, మనకు మనమే అనుకుని చేశాను.

ఇక్కడి నియమం మీకు తెలియనిది కాదు. కిందికి వెళ్లినవాళ్ల మంచం పైన పదిహేను రోజులు ఉంచుతారు. మనసు మారితే వెనక్కి రావచ్చు. ఆ తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు. మీ దుప్పటి మడత పెట్టకుండా అలాగే ఉంచాను. వచ్చేయండి. నేను మాత్రం కిందికి రాను.

ఈ ఉత్తరం మీకు ఇచ్చి రమ్మని ఆయా సత్తెమ్మను అడిగితే "గీ ఉత్తరాలేందమ్మా, లిఫ్టుల పోతే ఒక్క నిమిషం గద" అంది. ఆ నిమిషమేదో ఆయన్నే రమ్మని చెప్పమన్నాను.

మీరు చెప్పకుండా వదిలేసి వెళ్లిన,
వసుమతి


పై అంతస్తు
శుక్రవారం, తొమ్మిదో రోజు

సురేందర్ గారికి, అంటే ఇంకా నా భర్తగారికే,

జవాబు లేదు. మీరు రాయలేరని తెలుసు, ఒక మాట చెప్పి పంపలేరా? భోజనాల దగ్గర ఒక్కొక్కరూ వచ్చి నా భుజం నిమిరి వెళ్తున్నారు. మీరు పోయారని పరామర్శకు వచ్చినట్టుంది. వనితమ్మ అయితే "దేవుడే చూసుకుంటడు" అంది. దేవుడు చూసుకునేటట్టయితే రెండేళ్లు నేనెందుకు చూసుకున్నట్టు?

కిందికి రానన్నదాన్నే, నిన్న అభిలాష్ గారి దగ్గరకు వెళ్లి నన్ను కూడా కిందికి మార్చమన్నాను. "మీకు రోగమేం లేదు గదమ్మా" అన్నాడు. తెచ్చుకుంటానన్నాను. పాపం, నవ్వాలో వద్దో తెలియక "లేవలేనోళ్లకే మంచాలు సరిపోతలేవమ్మా, జర అర్థం చేస్కోండ్రి" అన్నాడు. అతని మీద అరిచి వచ్చాను. తప్పు అతనిది కాదని తెలిసే అరిచాను.

అదంతా ఒక ఎత్తు. మీరెలా ఉన్నారని సత్తెమ్మను అడిగితే "సార్ మంచిగనే ఉన్నడమ్మా, నవ్వుతుండు సుత" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. నా దగ్గర ఎప్పుడు నవ్వారు మీరు?

ఇంకా ఆరు రోజులుంది. మనసులో ఏముందో చెప్పండి. మౌనంగా మాత్రం చంపకండి.

వసుమతి


కింది అంతస్తు
మంగళవారం

వసూ,

దీన్ని నాలుగు రోజులుగా రాస్తున్నాను. నర్సు మెహ్రీన్ తాను రాసిపెడతానంది, వద్దన్నాను. కోడి కెలికినట్టు ఉంటుంది, ఓపిగ్గా చదువు.

నీకు భారం కాకూడదని వచ్చానంటే ఏడ్చి క్షమించేస్తావు. అది అబద్ధం. నీ మీద కోపంతో వచ్చాను.

నేను చెంచా ఎత్తితే లాక్కుంటావు. గుండీ పెట్టుకుంటుంటే నా చెయ్యి తోసేస్తావు. డాక్టరు నన్ను అడిగితే నువ్వు జవాబు చెబుతావు. మాట వెతుక్కునేలోపు అందించేస్తావు. రెండేళ్లలో నేను ఒక్క వాక్యం కూడా చివరిదాకా చెప్పలేదు వసూ. వెళ్తానని ముందే చెప్పి ఉంటే దాన్ని కూడా నువ్వే పూర్తి చేసేదానివి.

ఆఫీసులో ఇచ్చిన కాగితం ప్రార్థన చీటీకి ఎక్కుతుందని నాకు తోచలేదు. ఆ రాత్రికి చెబుదామనుకున్నాను. నువ్వు ఆమెన్ అన్నప్పుడు భూమిలోకి పోతే బాగుండుననిపించింది. ఆ తప్పు నాదే.

ఇక్కడ నాలుగింటికి టిఫిన్. నేనే తింటాను. సగం చొక్కా మీద పడుతుంది. మెహ్రీన్ పక్కన కూర్చుని "ఫికర్ లేదు సార్, ఆరాంగ తినుండ్రి" అంటుంది, అంతే.

నేను పైకి రాను. నువ్వు రా. నర్సుగా మాత్రం వద్దు, ఇక్కడ ముగ్గురున్నారు.

నీ
సురేందర్


పై అంతస్తు
గురువారం, పదిహేనో రోజు

ప్రియమైన సురేందర్ గారికి,

మీ ఉత్తరం చదివి చింపేద్దామనుకున్నాను. నడుం విరిగేలా చాకిరీ చేస్తే కోపం వచ్చిందట. పోనీలే అని పాత చీర ఇస్తే గోడ చాటుకు వెళ్లి మూర వేసిందనే సామెత ఊరికే పుట్టలేదు. మంగళవారమంతా మిమ్మల్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

నిన్న నాలుగింటికి మీకు చెప్పకుండా కిందికి వచ్చాను. మీరెంత అవస్థ పడుతున్నారో చూసి, పదండి పైకి అని తీసుకొచ్చేద్దామనే వచ్చాను. నిజం దాచను. తలుపు సందులోంచి చూశాను. ఉప్మా పెట్టారు. మొదటి చెంచా నోటిదాకా రాకుండానే ఒలికింది. రెండోది గడ్డానికి తగిలింది. తలుపు తోయబోయాను. మెహ్రీన్ నన్ను చూసి అడ్డంగా తల ఊపింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా మొగుడి దగ్గరికి నన్ను రావద్దంటోంది. దాని చెంప పగలగొట్టాలనిపించింది. ఎందుకో ఆగాను.

మీకు నలభై నిమిషాలు పట్టింది. గోడ గడియారంలో చూశాను. నేనైతే ఏడు నిమిషాల్లో పెట్టేసేదాన్ని. రోజూ అలా మిగిల్చిన ఆ కాసేపు నేనేం చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఆఖరి చెంచా అయ్యాక ప్లేటు వంచి చూసుకుని మెహ్రీన్‌కి చూపించారు. ఆ ముఖం నేనెరుగుదును. ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి అందరికీ డిక్టేషన్ ఇచ్చినప్పటి ముఖం. దాన్ని జబ్బు తినేసిందనుకున్నాను ఇన్నాళ్లూ. నేను తినేశానని నిన్న తెలిసింది. మీకు కనపడకుండా వచ్చేశాను.

ఈ పొద్దున ఆఫీసుకు వెళ్లి మీ మంచం వదులుకుంటూ సంతకం పెట్టాను. మాసబ్ ట్యాంక్‌లో టీచరుగా చేసిన తాజున్నీసా గారు సోమవారం నుంచి నా గదిలోకి వస్తారట. మీ దుప్పటి మడిచి సత్తెమ్మతో పంపుతున్నాను.

నాకు కోపం పోయిందనుకోకండి. ఇన్నాళ్లూ లోపల పెట్టుకుని నన్ను గుడ్డిదాన్ని చేశారు, దానికి మిమ్మల్ని వదలను. సాయంత్రం వస్తాను, ముందు నేను తిడతాను. ఆ తర్వాత మీ వంతు. మాట దొరక్క మీరు ఆగినా సరే, చీకటి పడినా సరే, నేను అందించను.

మీ భార్య,
వసుమతి