మా సీనియర్ వేసుకున్న మందు

మంగళవారం, కొరాపుట్

సంతోషంతో నిద్ర పట్టడం లేదు. పొద్దున కోర్టు మెట్ల మీద మా సీనియర్ గారు, "మందేసుకునే వచ్చేను, అమ్మీ" అన్నారు. కేసుకి ముందే తాగేశారా అని నా గుండె జారిపోయింది. ఆయన నవ్వి, కోటు జేబులోంచి మాత్రల అట్ట తీసి చూపించారు. తాగుడు మానడానికి డాక్టరు ఇచ్చిన మందట!

వాదిస్తున్నంతసేపూ ఆయన చేతులు వణికాయి గానీ గొంతు వణకలేదు. లక్ష్మీపూర్ రైతుకి బెయిల్ వచ్చేసింది. అప్పుడు మొదలైంది నాకు భయం. ఆయన ఓడిన రోజు ఎప్పుడూ తాగలేదు, గెలిచిన రోజే తాగేవారు. తోటి వకీళ్లు పార్టీకి పిలుస్తుంటే, ఆయన వచ్చి నా స్కూటీ ఎక్కేశారు.

"మందు షాపు లేని దారంట పోనియ్, అమ్మీ."

ఊరంతా చుట్టి ఇంటికి చేర్చాను. రేపటి కేసు కూడా గెలిచేలాగే ఉంది. పొద్దున్నే స్కూటీకి పెట్రోలు కొట్టించాలి.