దిక్సూచి సంగతి

లోరియాం జర్మన్ నౌకాస్థావరం, ఫ్రాన్స్, మార్చి 1943

గౌరవనీయులైన దళాధిపతి గారికి,

మా సబ్‌మెరైన్‌లోని చేతి దిక్సూచిని అమ్ముకున్నాడని చుక్కాని పట్టే ల్యూడెకెను నిన్న అరెస్టు చేశారు. అతను అమ్మలేదు. దాన్ని నేనే ఇచ్చేశాను.

ఈసారి గస్తీలో మేం చివరగా ముంచిన శత్రువుల ఓడ మనుషులు పంతొమ్మిదిమంది ఒక పడవలో మిగిలారు. అలాంటివాళ్ళ జోలికి వెళ్ళొద్దన్న ఆజ్ఞ నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను. దిక్సూచి అందించి, తూర్పుకు నాలుగు రోజులు తెడ్లు వేస్తే ఐర్లండ్ వస్తుందని చెప్పాను. వాళ్ళలో ఒక ముసలాయన, "మా కొంప ముంచిందీ నువ్వే, దారి చూపించేదీ నువ్వేనా?" అన్నాడు.

"దిక్సూచి అలకి కొట్టుకుపోయిందని రాసేయండి కెప్టెన్ గారూ, మనలో ఎవడూ నోరు విప్పడు," అన్నాడు ల్యూడెకె. అలాగే రాశాను. లాగ్‌బుక్‌లోని ఆ అబద్ధం నాది; దాన్ని నమ్మకే మీవాళ్ళు ల్యూడెకెను అనుమానించారు. అతను ఇప్పటికీ నోరు విప్పలేదు.

పదకొండు ఓడలు ముంచినందుకు మీరు నా మెడలో వేసిన పతకం ఈ కవరులోనే ఉంది. ల్యూడెకెను వదిలేయండి. నాకోసం మనుషుల్ని పంపనక్కర్లేదు, మధ్యాహ్నానికి నేనే వస్తాను.

అదే పడవ మళ్ళీ ఎదురైతే ఏం చేస్తావని విచారణలో అడుగుతారు. ఈసారి నీళ్ళు కూడా ఇస్తాను. ఆ రోజు మర్చిపోయాను.

మీ ఆజ్ఞ మీరిన,
కెప్టెన్