మోటారు పెట్టె ఫోన్

గురజాల

చి. తేజస్వికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అందరం అని అలవాటుగా రాశాను. ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. మన చేలో కూలికి వచ్చే కుల్సుం కూడా క్షేమం. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నాను.

నువ్వడిగినవాటికి జవాబులు. బీపీ బిళ్ల వేసుకుంటున్నాను. పచ్చడి అయిపోతే పక్కింటి కరుణమ్మ పంపింది. చేలో మోటారు పెట్టె తీసేయలేదు. అమ్మ నంబరు గురించి అడిగావు, అది చివర్లో రాస్తాను.

కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి పోతే నా సెల్‌కు ఫోన్ చేయడం ఆ పెట్టె పని. మిరప నాటినప్పటి నుంచి మొన్న సోమవారం దాకా నలభైసార్లు చేసింది. నిజం చెప్పింది రెండుసార్లు. "మొత్తంలో ఎన్ని నిజమని కాదు నాన్నా, ఎప్పుడు వచ్చినవి నిజమయ్యాయో చూడు" అని రాశావు. ఫోన్ వచ్చినప్పుడల్లా వేళ రాసి కేలండర్‌లో పెట్టిన గీతలు చూశాను. ముప్పై ఏడు కరెంటు ఇచ్చిన కాసేపటికే వచ్చినవి. అప్పుడు ఊరంతా ఒక్కసారే మోటార్లు వేస్తుంది, వోల్టేజీ పడిపోతుంది, పెట్టె ఫేజు పోయిందనుకుంటుంది. అవన్నీ అబద్ధాలే. సరఫరా మధ్యలో వచ్చినవి మూడు. వాటిలో రెండు నిజం.

మంగళవారం టీ బంకు దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది.

"ఏంది బావా, నీ పెట్టె మళ్లీ తుమ్మిందా? పీకి బాయిలో పడెయ్," అన్నాడు వెంకటప్పయ్య.

నేనూ నవ్వబోయాను. కరెంటు వచ్చి చానాసేపయింది. నీ మూడింట రెండు గుర్తొచ్చింది. ఫేజు నిజంగా పోయిందంటే తీగ తెగి చేలో పడి ఉండొచ్చు. కాయ కోతకు కుల్సుం ముఠా చేలోకి దిగే వేళ. వెంటనే ఆమెకు చేశాను.

"చేలోకి దిగొద్దు. గట్టు మీదే ఆగండి."

"కూలి ఎగ్గొడదామనా అన్నా?" వెనక ఆడవాళ్లు నవ్వారు.

"ఆగమన్నానా!"

నేనలా అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆగింది. సబ్‌స్టేషన్‌కు చెప్పి సరఫరా ఆపించి వెళ్లాను.

రాత్రి నీళ్లు పెట్టిన సాలులో కరెంటు తీగ తెగి పడి ఉంది. పక్కన కొంగ, రెక్కలు విప్పుకుని చచ్చి ఉంది. కుల్సుం రోజూ అన్నం క్యారియర్ వేపచెట్టు కింద పెట్టడానికి ఆ సాలులోంచే పోతుంది. క్యారియర్ ఇంకా చేతిలోనే ఉంది. ఎంతసేపటికీ కింద పెట్టలేదు.

ఇక అమ్మ నంబరు. పొరపాటున నొక్కితే మోగిందన్నావు. ఆ సిమ్ మోటారు పెట్టెలో ఉంది. అమ్మ పోయాక, వాడకపోతే నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారని నేనే వేశాను. నా సెల్‌లో అమ్మ పేరు మార్చలేదు. పెట్టె ఫోన్ చేసినప్పుడల్లా తెర మీద సుభాషిణి అని వస్తుంది. అబద్ధమని తెలిసీ ప్రతిసారీ మొదటి మోతకే ఎత్తాను. గీతల లెక్క తప్పకపోవడానికి కారణం అదే. పెట్టె తీసేయమని నువ్వెన్నిసార్లు అన్నా నేను పలకకపోవడానికీ అదే.

తీగ తీసేశాక కుల్సుం అడిగింది.

"నీకెట్టా తెలిసింది అన్నా? ఎవరు చేశారు ఫోను?"

ఫేజు గురించి చెబుదామనుకున్నాను. నీ లెక్క గురించి చెబుదామనుకున్నాను.

"మీ వదిన," అన్నాను.

ఆమె అప్పుడు క్యారియర్ కింద పెట్టింది. నేను దిద్దుకోలేదు.

ఇట్లు,
మీ నాన్న
హనుమంతరావు