డెక్కు కింది మనుషులు

అమీర్‌పేట,
12 జూలై 2001

ఆత్మీయుడు హనుమాండ్లన్నకు,

ఒకే బిల్డింగులో పనిచేస్తూ ఉత్తరం రాయడమేంటని అనుకుంటావేమో. ఎనిమిది రోజులుగా నువ్వు నడిపే లిఫ్టు ఎక్కకుండా, నాలుగంతస్తులూ మెట్లెక్కి మా ఇంగ్లీషు కోచింగ్ క్లాసుకు పోతున్నాను. ఎదురుపడి చెప్పే ధైర్యం లేకనే ఈ కాగితం.

పోయిన బుధవారం లిఫ్టులో మనిద్దరమే ఉన్నప్పుడు నువ్వు సంచిలోంచి నా పుస్తకం తీశావు. ఆరు సముద్ర యుద్ధాల మీద నేను రాసింది. మూడుసార్లు అచ్చయింది, ఇక్కడ జావా పుస్తకాల పక్కన పెట్టి అమ్ముతారు. "మస్తు రాసిండ్రు సార్. రెండుసార్లు చదివిన," అన్నావు. నేను పొంగిపోయాను. తర్వాత మెల్లగా అన్నావు: "గని ఒక్క మాట. గీ ఆరు లడాయిల్ల అందరు పైన్నే ఉన్నరు. కింద ఎవ్వరు లేరు. మరి ఓడ ఎట్ల నడిచింది సార్?"

నువ్వు పదిహేనేళ్లు నౌకాదళంలో, ఇంజన్ రూములో పనిచేశావని అప్పుడే తెలిసింది. "లడాయప్పుడు మా తలుపులు మూసేస్తరు. పైన గెలుస్తున్నమో మునుగుతున్నమో మాకు తెల్వది. గంట కొడితే స్పీడు పెంచుడు, గంట కొడితే తగ్గించుడు. ఎవరన్న వచ్చి మూత తీస్తే బతికినట్టు." అంతలో నాలుగో అంతస్తు వచ్చింది.

ఆ రోజు క్లాసులో ఏం చెప్పానో గుర్తులేదు. 1905లో జపాన్‌తో జరిగిన సుషిమా యుద్ధానికి రష్యా ఓడలు సగం ప్రపంచం చుట్టి వచ్చాయని నలభై పేజీలు రాశాను. అంత దూరం బొగ్గు ఎత్తిపోసిన చేతుల గురించి ఒక్క వాక్యం రాయలేదు. నీ మాటలో ఉన్నంత సముద్రం నా పుస్తకంలో లేదన్నా.

ఇంకో సంగతి. అట్ట వెనక 'నౌకాదళ అనుభవమున్న రచయిత' అని ఉంటుంది, చూసే ఉంటావు. అది అబద్ధం. పంతొమ్మిదేళ్లప్పుడు భర్తీకి పోయాను. రంగు చుక్కల్లో దాగిన అంకె చదవమన్నారు. నాకు చుక్కలే కనిపించాయి. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని కళ్లు పనికిరావని పంపేశారు. నాకే ఇష్టంలేక తిరిగొచ్చానని ఇంట్లో చెప్పాను. నా భార్యకు నేటికీ నిజం తెలియదు. పంజాగుట్టలోని మా పబ్లిషర్ ఆ మాట అచ్చేస్తే ఊరుకున్నాను. చదివినవాళ్లు "కెప్టెన్ సాబ్" అని పిలిస్తే పలికాను.

నీ ముందు ఆ అట్టతో నిలబడలేను. నిన్న వెళ్లి నాలుగో అచ్చు ఆపమన్నాను. ఇక సముద్రం జోలికి పోను.

నన్ను మన్నించు.

నీ
రాజనర్సయ్య


బోరబండ,
15 జూలై, ఆదివారం

గౌరవనీయులు రాజనర్సయ్య సార్‌కి హనుమాండ్లు నమస్తే.

మీరు ఓడ ఎక్కలేదని మొదటిసారి చదివినప్పుడే నాకు తెలిసింది. యుద్ధం నడుమ కెప్టెన్ మాట అందరికీ వినబడిందని రాశారు. మిషన్ల మోతలో పక్కవాడి మాటే వినబడదు సార్. అయినా మళ్లీ ఎందుకు చదివానో చెప్తాను.

నౌకరీ అయిపోయి మెదక్ దగ్గరి మా ఊరికి వచ్చినప్పుడు అందరూ ఒక్కటే అడిగారు, ఫిరంగి పేల్చినవా అని. లేదంటే లేచిపోయేవారు. కొన్నాళ్లకు నేనే చెప్పడం మానేశాను. నా భార్య మంగవ్వకు సుత చెప్పలేదు. మొన్న ఎండాకాలం మా బిడ్డ వనిత మీ పుస్తకం కొనుక్కొచ్చింది. చదివి నా దగ్గరకు వచ్చింది.

"బాపూ, నువ్వు ఏ ఫిరంగి కాడ ఉంటివి?"

"ఫిరంగి కాడ లేను బిడ్డా. కింద ఉంటి."

"కింద ఏముంటది?"

ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి తనే. నేను చెప్తుంటే మంగవ్వ టీవీ బంద్ చేసి వచ్చి కూర్చుంది. "గంత వేడిల నిలవడి పనిచేసినవా? నాకెందుకు చెప్పలే?" అని ఏడ్చింది. ఆ సాయంత్రం మా ఇంటికి మీరిచ్చిందే సార్. ఓడ మీద కాలు పెట్టనివ్వని సముద్రం మీద అంత ప్రేమ పెట్టుకుని రాశారంటే, మీ మీద నాకు గౌరవం పెరిగింది.

అట్ట మీది మాట తీసేయించండి. పుస్తకం ఆపకండి. దీనితో పదకొండు కాగితాలు పంపుతున్నాను, నాలుగో అచ్చులో కలపండి. కింది సంగతంతా నేను చెప్తే వనిత రాసింది. మా కాలానికి బొగ్గు పోయి ఆయిల్ వచ్చింది, వేడి మాత్రం తగ్గలేదు. తప్పులుంటే దిద్దండి. కానీ మమ్మల్ని పైకి తేకండి, కిందనే ఉండనీయండి.

దానికి నా పేరే వేయండి. జర పెద్ద అక్షరాల్లో వేయించండి సార్. మంగవ్వ చదువుతానంటోంది, కళ్లద్దాలు మాత్రం పెట్టుకోదు.

మీ
హనుమాండ్లు
ఇంజన్ రూమ్ మెకానిక్